హన్నా పేరుకు హాజరు

మొన్న ఆదివారం షికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్‌కి వీడియో పంపింది. అమెరికా దక్షిణాది రాష్ట్రంలో నేను ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పిన చిన్న కాలేజీలో వ్యవస్థాపక దినం జరిగితే, అందులో ఓ ముక్క అది. చూసి కళ్ళు చెమర్చాయని రాస్తే బాగానే ఉంటుంది గానీ, నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో తెలియాలంటే రెండు వేల మూడులో నేనక్కడ చేరిన కొత్తరోజులకు వెళ్ళాలి.

నల్లజాతివారి చర్చి ఒకటి పెట్టిన కాలేజీ అది. బానిసత్వం పోయిన కొత్తల్లో, అక్షరం ముక్క నేర్చుకుంటే కొరడా దెబ్బలు పడిన కాలాన్ని ఇంకా మరిచిపోనివాళ్ళు, ఆ చర్చి నేలమాళిగలో బెంచీలు వేసుకుని చదువు మొదలుపెట్టారట. పగలంతా పొలాల్లో పనిచేసినవాళ్ళూ, ఊళ్ళోవాళ్ళ బట్టలుతికిన ఆడవాళ్ళూ, తల్లీ కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చుని దిద్దుకున్నారట. తరవాత లేచిన మొదటి భవనానికి ఇటుకలు విద్యార్థులే కాల్చారు. కొన్నిటి మీద వేలిముద్రలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇదంతా నాతో ఆఫీసు గది పంచుకున్న చరిత్ర టీచరు చెప్పేది. ఆ ఇటుకలు కాల్చినవాళ్ళలో ఆవిడ ముత్తాత ఒకడు. మధ్యాహ్నం లంచ్ బాక్స్ మూత తీసిందంటే చాలు, "మా ముత్తాత" అంటూ అందుకునేది. నేనూ గుంటూరులో చర్చివాళ్ళ కాలేజీలోనే చదివాను, దానికీ ఏదో ఒక పుట్టుక ఉండే ఉంటుంది. కానీ ఎవరైనా అడిగితే క్యాంటీన్ పునుగుల గురించి తప్ప నేనేమీ చెప్పలేను. ఆవిడ చెబుతుంటే పెరుగన్నం గొంతు దిగేది కాదు, అంత కుళ్ళుగా ఉండేది నాకు.

వ్యవస్థాపక దినాన అక్కడి ప్రార్థనా మందిరంలో, అదే చాపెల్‌లో ఒక ఆనవాయితీ ఉంది. మొట్టమొదటి తరగతిలో చదివినవాళ్ళ పేర్లన్నీ హాజరు పిలిచినట్టు పిలుస్తారు, ఎవరి పేరు పిలిస్తే వాళ్ళ వంశంవాళ్ళు లేచి "ప్రెజెంట్" అంటారు. నేను చేరిన ఏడు మా చరిత్ర టీచరు ముత్తాత పేరు పిలిచేసరికి, చంకలో పసిపిల్లలతో సహా రెండు వరసల జనం లేచారు. ఈ దేశంలో పిలిస్తే పలికే మనిషి నాకు మా అమ్మాయి ఒక్కతే, అదీ షికాగోలో చదువుకుంటోంది. ఆ రెండు వరసలనూ చూస్తూ ఉడికిపోతున్నాను. ఇంతలో "హన్నా" అని పిలిచారు. ఇంటిపేరు లేదు, ఒంటి పేరే. ఎవరూ పలకలేదు.

హన్నా అనే ఆ చాకిరేవు మనిషికి నా అన్నవాళ్ళెవరూ మిగల్లేదనీ, ఆ పేరు దగ్గర అందరూ తలవంచుకుని ఊరుకుంటారనీ నాకేం తెలుసు? గుంటూరులో స్నేహితురాలు క్లాసు ఎగ్గొట్టి సినిమాకి వెళితే, ఆ పేరు దగ్గర ఎవరూ పలక్కపోతే, నా నోరు దానంతటదే ప్రాక్సీ చెప్పేసేది. ఇక్కడా అదే పని చేసింది. "ప్రెజెంట్" అనేశాను. చాపెలంతా వెనక్కి తిరిగి చీరలో ఉన్న నన్ను చూసింది, భూమి చీలితే బాగుండుననిపించింది. ముసలి పాస్టరుగారు కళ్ళజోడు మీదుగా చూసి, "ఇన్నాళ్ళకు హన్నా క్లాసుకొచ్చింది, కూర్చో తల్లీ" అన్నారు.

గదికొచ్చాక ప్రాక్సీ అంటే ఏమిటో వివరిస్తే మా చరిత్ర టీచరు పొట్ట పట్టుకుని నవ్వింది. "అయితే ఇక నుంచి నువ్వే చెప్పు. హన్నాకీ ఎవరూ లేరు, నీకూ ఇక్కడ ఎవరూ లేరు" అంది. అంత మాట ముఖాన అనడం ఆవిడకే చెల్లింది. గుచ్చుకుంది, కానీ కాదనలేదు. అప్పటినుంచి ఏటా మంచి వెంకటగిరి చీర కట్టుకుని, హన్నా పేరు రాగానే లేచేదాన్ని. ఓ ఏడు జ్వరంతో మూలుగుతుంటే సంగీతం చెప్పే కొత్త టీచరు, మీరు రెస్ట్ తీసుకోండి, మీ బదులు నేను చెబుతానంది. ఎవరు చెప్పనిస్తారు? శాలువా కప్పుకుని వెళ్ళి మరీ నేనే చెప్పాను.

నిరుడు రిటైరై మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. ఇప్పుడీ వీడియో. హన్నా పేరు పిలవగానే ఆ సంగీతం టీచరు లేస్తుందేమోనని చూశాను, లేస్తే కనీసం తిట్టుకోవడానికి వీలుండేది. ఆవిడ కాదు. నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లలు, ఇప్పుడు ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్ళు, ఒక వరస మొత్తం లేచి "ప్రెజెంట్" అన్నారు. మీరు లేరని హన్నా క్లాసు ఎగ్గొట్టకూడదు కదా మేడమ్ అని కింద రాసింది ఆ పిల్ల. మా అమ్మాయి కూడా చూసి, "నీకోసమే కదమ్మా చేశారు, హ్యాపీగా ఫీల్ అవ్వాలి గానీ జెలసీ ఏంటి నీకు?" అంది.

సంతోషం లేదని కాదు. కానీ అందరికీ అందరూ ఉన్న ఆ హాల్లో నాకు దొరికిన ఖాళీ ఆ ఒక్క పేరు. కిక్కిరిసిన బస్సులో కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టుకున్నట్టు పట్టుకున్నాను. ఏ దిక్కూ లేని హన్నాకి ఇప్పుడు వరసెడు జనం, రేపు వాళ్ళ పిల్లలూ లేస్తారు. సీటు నిండిపోయింది. మా అమ్మాయి చిక్కుడుకాయలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాక వీడియో మళ్ళీ మొదటికి జరిపాను. పాస్టరుగారు హన్నా అనగానే, ఆ వరస లేవకముందే, నేను "ప్రెజెంట్" అనేశాను.