మేనత్త నాటిన బొమ్మజెముడు కంచె

మా మేనత్త పోయింది. చీపురుపల్లి సంతలో ఆ కబురు నాకు చెప్పినవాడు "అదే, ఆ ఒంటికన్ను ముసల్ది" అన్నాడు. పోయాక కూడా ఆమెను ఆ పేరుతోనే గుర్తుపడుతున్నారు. ఆ కన్ను ఎలా పోయిందో మాత్రం ఎవరూ చెప్పరు. నేను చెబుతాను.

మావయ్య పోయేనాటికి ఆమెకు మిగిలింది నాకు వదినయ్యే ఒక్క కూతురు, గంట్లు, అదే సజ్జలు, పండే కాస్త మెట్ట చెక్క. పక్క పొలం పెద్దరైతు గట్టు ఏటేటా ఇటు జరుగుతుండేది. ఆయన పశువులూ వచ్చి మేసిపోయేవి. అత్త గొడవ పడలేదు. కొండవాలు నుంచి బొమ్మజెముడు కొమ్మలు తెచ్చి హద్దు పొడవునా పాతింది. నీళ్లు పోయనక్కర లేదు, మేకైనా మూతి పెట్టదు. చూస్తుండగానే మనిషెత్తు లేచింది.

"దీని పాలు కంట్లో పడితే సూపు పోతాది. దూరంగా ఉండండర్రా" అని మా మీద కేకలేసేది. అయినా ఊళ్లో ఎవరికి పులిపిరి లేచినా ఆమె దగ్గరకే రావాలి. చుట్టూ నూనె రాసి, పుల్లతో ఒక్క చుక్క అద్ది పంపేది. పెద్దరైతు మెడ మీది పులిపిరి రాలింది కూడా ఆ పాలతోనే.

అరవై ఆరు కరువులో పశువుల్ని ఇటు తోలాలని ఆయన పాలేళ్లు గొడ్డళ్లతో ఆ కంచె మీద పడ్డారు. అత్త అడ్డం వెళ్లింది. "ఆగండ్రా, అది నా హద్దు" అంటుండగానే తెగిన కొమ్మ విసురుగా వచ్చి, పాలు ఎడమ కంట్లో చిమ్మాయి. నీళ్లతో కడిగి, బండిలో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. దారంతా ఆమె అరుపులే. చూపు తిరిగి రాలేదు.

ఊరి పెద్దలు కూర్చుని ఏం తేల్చారో తెలుసా? తప్పు చెట్టుదట. విషపు చెట్టును పెంచిన ఆడదానిదట.

అత్త కంటికి కట్టుతోనే లేచి పెద్దరైతు వైపు తిరిగింది. "అన్నా, సెట్టు నడిసొచ్చి నా కన్ను తీసిందేటి? నీ మనుసులు నరికితే కదా పాలు సిమ్మాయి!"

మర్నాడు నరికి పడేసిన కొమ్మలన్నీ ఏరి, అక్కడే మళ్లీ పాతించింది. జెముడు కొమ్మ అంత తేలిగ్గా చావదు, వేరు తొడుగుతుంది. ఈసారి రెండు వరసలు. వదినా నేనూ ముఖాలకు గుడ్డలు చుట్టుకుని పాతాం.

మొన్న అత్త దినం భోజనాల్లో పెద్దరైతు ముందు వరసలోనే కూర్చున్నాడు. "మా సెల్లి బంగారంలాంటి మనిసి" అని కళ్లొత్తుకున్నాడు. నా చేతిలోని గరిట విసిరేయాలనిపించింది. అంతటితో ఊరుకున్నాడా? "ఇంక ఆ కంచె తీయించేద్దామే పాపా. పిల్లలు తిరిగే సోటు" అన్నాడు వదినతో.

వదిన పప్పు బాల్చీ కింద పెట్టింది.

"అలాగే మావా. మొదటి దెబ్బ నువ్వే ఎయ్యి. కళ్లు మాత్రం మూసుకోకు."

పెద్దరైతు లేచి, చెయ్యి కడుక్కోకుండానే బయల్దేరాడు. ఆయన ఇంటికి ఆ కంచె పక్క బాటే దారి. గాలి కూడా లేదు, ఒక్క కొమ్మ కదలడం లేదు. అయినా కండువా ముఖానికి అడ్డం పట్టుకుని, బాట అవతలి అంచున, పల్లేరుకాయల్లో కాళ్లు పడుతున్నా ఆగకుండా నడిచి వెళ్లాడు.