మూడు టీవీల కొమురెల్లి

టేకుమట్ల సెంటర్ల మూడు టీవీల కొమురెల్లి అంటె ఎవలైనా దుకాణం చూపెడ్తరు. అవి టీవీలు గావు నాయినా, మానిటర్లు అని వాడు మొత్తుకున్నా ఎవలు వింటరు! ఇప్పుడు అక్కడ మూడు లేవు గూడ. అయినా పేరు పోలే.

పెండ్లి ఆల్బములు, ఫ్లెక్సీలు వాని పని. ఉన్నది ఒక్క ల్యాప్‌టాప్. దానికి వరంగల్ నుంచి తెచ్చిన చిన్న డబ్బా తగిలిచ్చి, డబ్బాకు రెండు మానిటర్లు కలిపిండు. ఒకటి తన ముంగట. ఇంకోటి ఎనుక గిరాకీలు కూసునే బల్ల దిక్కు. వాడు ఒకరి ఫ్లెక్సీ చేస్తుంటె, బల్ల మీదోళ్లు తమ పెండ్లి ఫోటోలు చూసుకుంట "గిది పెట్టు, గది తీసెయ్" అనాలె. దేని బొమ్మ దానికే రావాలె. గట్ల కుదిరిచ్చెతందుకు ఎన్ని తిప్పలు వడ్డడో! కరెంటు పోయి వచ్చిందంటె చాలు, ఆ పాడు డబ్బా అంత మరిచిపోయి మూడిట్ల ఒక్కటే బొమ్మ చూపెడ్తది. అందుకే కరెంటు రాంగనే వాడు లేచిపోయి బల్ల దిక్కుదాన్ని సరిజేసి వచ్చి, మళ్ల కూసునేది.

దుకాణం ముంగట జామకాయలమ్మే గట్టమ్మకు ఆ బల్ల దిక్కు టీవీ అంటె పాణం. ఎండెక్కంగనే వచ్చి ఫ్యాను కింద కూసునేది. చదువు రాదు. అయితేంది, మండలంల పెండ్లిళ్లన్నీ అండ్లనే చూసింది. "ఏందిర కొమురెల్లీ, పిల్ల మొకానికి గింత సున్నం కొట్టినవ్?" అని పరాచికాలాడేది. పోయేముందు మాత్రం ఒక్కటే మాట: "మా వీరేందర్ పెండ్లి గిండ్ల ఎన్నడు చూపెడ్తవ్ బిడ్డా?" ఒక్కగానొక్క కొడుకు, భూపాలపల్లిల మెకానిక్. సంబంధాలకు పంపుదామని నీలం అంగీల వాని ఫోటో తీసింది గూడ కొమురెల్లే.

ఆ దినం పగటీలి గట్టమ్మ తమ్ముడు తిరుపతి ఫోన్ చేసిండు.

"కొమురన్నా, వీరేందర్ లేడన్నా. బండి మీద పోతుంటె లారీ గుద్దింది. అక్కకు చెప్పకు, నీ కాళ్లు మొక్కుత. దవాఖానల ఉన్నడని చెప్పి నేనే ఇంటికి తీస్కపోత. ఇక్కడనే తెలిస్తె తొవ్వలనే పాణం ఇడుస్తది. ఫ్లెక్సీ మాత్రం జల్ది చెయ్యి."

గిదొక రివాజైంది మా దిక్కు. కన్నతల్లికి అందరికన్న ఆఖరికి చెప్తరు. ఫ్లెక్సీ మాత్రం అందరికన్న ముందుగల్ల తయారు గావాలె. ఏం చేస్తం!

గట్టమ్మ అప్పటికే బల్ల మీద కూసున్నది. కొమురెల్లి ఆమె ముంగట ఎవరివో పెండ్లి ఫోటోలు నడవబెట్టి, తన దాంట్ల నీలం అంగీ ఫోటో తెరిచిండు. కండ్లల్ల నీళ్లు. అంతల్నే కరెంటు పోయింది, వచ్చింది. రోజు లేచేటోడు ఆ పొద్దు లేవలే. లేస్తె అవ్వ మొకం చూడాలె గద! అది వానితోని గాలే. తల వంచుకొని వీరేందర్ మెడల దండ వేసిండు, దీపం పెట్టిండు, పైన శ్రద్ధాంజలి అని రాసిండు.

ఎనుక గట్టమ్మ ఏ చీరెకూ వంక పెట్టలే. కరెంటు సంగతి అప్పుడు యాదికొచ్చింది వానికి. తిరిగి చూస్తె బల్ల ముంగట గూడ వీరేందరే, దండతోని. గట్టమ్మ రెప్ప కొట్టకుంట చూస్తున్నది. ఉరికొచ్చి వైరు గుంజేసిండు. ఇగ ఏం ఫాయిద!

అప్పుడే ఆటో ఆగింది. తిరుపతి మొకం తుడుసుకుంట దిగిండు. "అక్కా, పోరనికి జర దెబ్బ తాకిందట. దవాఖానల ఉన్నడు. పరేషాన్ కాకు, నడువ్."

గట్టమ్మ తమ్ముని దిక్కు చూసింది. నల్లవడ్డ టీవీ దిక్కు చూసింది.

"దవాఖానలనే ఉన్నడా తమ్మీ?"

"ఉన్నడక్కా."

ఆమె కొంగుతోని కండ్లు ఒత్తుకొని లేచింది. ఆటోల కాలు పెట్టి, ఎనుకకు తిరిగింది.

"కొమురెల్లీ, ఇన్నవ్ గద బిడ్డా. దవాఖానల ఉన్నోనికి దండేస్తరా? తీసెయ్. మా పోరడు బాగైతడు."

కొమురెల్లి ఎక్కెక్కి ఏడ్సుకుంట దండ తీసేసిండు. దీపం తీసేసిండు. అక్షరాలు గూడ తీసేసిండు. "గిదేందే, దండ లేని ఫ్లెక్సీ?" అని తీస్కపోవచ్చిన తిరుపతి కోపానికొచ్చినా మళ్ల వెయ్యలే. బల్ల దిక్కు టీవీకి గుంజిన వైరు గూడ మళ్ల ఎన్నడు పెట్టలే. శవం వచ్చేసరికి గట్టమ్మ ఇంటి ముంగట నీలం అంగీల వీరేందర్, పిల్లను చూడవోయేటోని తీరుగ నవ్వుకుంట నిలబడి ఉన్నడు.