అరిగిన బంతుల సయామా

పోయిన మంగళవారం పొద్దున్నే, బర్మాలోని మా పజుండౌంగ్ పేట నుంచి ఫోన్ వచ్చింది. మాకు టెన్నిస్ నేర్పిన టీచరమ్మ పోయారు. బర్మా వాళ్లు టీచరమ్మను సయామా అంటారు. ఆవిడా మేమూ తెలుగువాళ్లమే అయినా అలాగే పిలిచేవాళ్లం. అంత్యక్రియల దగ్గర ఒక పెద్దాయన, పాపం ఇన్నేళ్లు నేర్పింది, ఒక్క పతకమూ రాలేదు అన్నాడు. అక్కడ గొడవెందుకని నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోను.

ఆవిడ బర్మా లుంగీ పైకి దోపి, రబ్బరు చెప్పులతోనే కోర్టులోకి దిగేవారు. మాకు బంతులు దొరకడమే గగనం. వానల్లో అవి తడిసి బరువెక్కితే పొయ్యి పక్కన ఆరబెట్టి, నూగంతా పోయి బోడి అయ్యేదాకా ఆడించేవారు. ఎగరడం లేదని నేను సణిగితే, "బంతి సచ్చిపోతే నువ్వూ సచ్చిపోతావేటే? ఒంగు" అనేవారు. నడుము పడిపోయేలా ఒంగేదాన్ని. లోపల ఎంత తిట్టుకునేదాన్నో ఆవిడకు తెలుసు.

ఒకసారి చిన్న దేశాల ఆటల పోటీలకు, మహిళల సింగిల్స్‌లో ఆడడానికి నన్ను పంపారు. మాది అంత చిన్న దేశమేమీ కాదు, టెన్నిస్‌లో మాత్రం చిన్నదే. సయామా కూడా వచ్చారు. డబ్బా మూత అప్పుడే తీసిన కొత్త బంతులతో ఆడడం నాకదే మొదటిసారి. కొట్టిన ప్రతి బంతీ గీత దాటిపోయింది. మొదటి సెట్‌లో నాకు సున్నా. రెండో సెట్‌లోనూ మూడు గేములు పోయాక మా జట్టు మేనేజరు బెంచీ దగ్గరికొచ్చి, కాలు మడతపడిందని చెప్పి వచ్చెయ్, పరువు దక్కుతుంది అన్నాడు. నాకూ అదే కావాలి. బూటు లేసు విప్పడం మొదలుపెట్టాను.

సయామా కంచె దగ్గరికి దిగి వచ్చారు.

"కాలు నొప్పెడతందేటే?"

"లేదు సయామా."

"కొత్త బంతులు నీకు అలవాటు సెయ్యకపోడం నా తప్పు. ఆ పిల్ల గెలిస్తే గెలుసుకోనీ. నీ అంతట నువ్వు మాత్రం ఆట ఇచ్చీకు."

ఆట మధ్యలో సలహాలివ్వకూడదని అంపైరు హెచ్చరించాడు. ఆవిడ లెక్కచేయలేదు. ఆ రోజు ఆవిడ రాకపోయి ఉంటే, కాలు మడతపడిందన్న అబద్ధాన్ని జీవితమంతా మోసేదాన్ని.

లేసు కట్టుకుని లేచాను. ఇంకో రెండు గేములు పోయాయి. తర్వాత నా సర్వీసు. మధ్యలో బంతులు మార్చలేదు కాబట్టి అప్పటికవి అరిగి, చెమ్మ పట్టి, మాకు తెలిసిన బంతుల్లా అయ్యాయి. ఒంగాను. ఎంతసేపు సాగిందో గుర్తులేదు, ఆ గేము గెలిచాను. తర్వాతి గేముతో మ్యాచ్ అయిపోయింది. ఆరు-సున్నా, ఆరు-ఒకటి.

సంచి సర్దుకుని తలెత్తి చూస్తే, సయామా గొడుగు పట్టుకుని స్కోరుబోర్డు కింద నిలబడి ఉన్నారు. తర్వాత ఆడాల్సిన వాళ్లు వచ్చేశారు. బోర్డు చూసుకునే అతను నా పేరు పక్కనున్న ఒకటి అంకె తీయబోయాడు. అతని భాష ఆవిడకు రాదు, ఆవిడ తెలుగు అతనికి రాదు.

"ఉండు బాబూ. ఇంకా సూస్తన్నాను."

అతను చెయ్యి దించి, ఆవిడ పక్కనే నిలబడి తనూ పైకి చూశాడు.