క్లారీ తాత కొండ గేరు

ఆస్ట్రేలియాలోని టూవూంబా ఊరి క్లారీ తాత మనుషులతో కంటే ఇనుముతోనే ఎక్కువ కొట్లాడతాడు. బోల్టు ఊడకపోతే సుత్తి, సుత్తి జారితే బూతు. మోటార్‌సైకిల్ ప్రమాదంలో ఎడమ కాలు పోయాక, భార్య డోరీన్ మామ్మ మళ్ళీ వెనకెక్కాలన్న ఆశతో దాన్నే మూడు చక్రాల బండి చేశాడు. వెనక చక్రాల మధ్య వాటిని తిప్పే డిఫరెన్షియల్‌కి వేగంగా పోయే పరుగు గేరు, నెమ్మదిగా ఎత్తెక్కే కొండ గేరు రెండూ దొరికితే, పరుగుదే బిగించాడు. మామ్మ ఎక్కింది. కొండ సగంలో ఇంజను చచ్చి, బ్రేకు అందేలోపు బండి వెనక్కి జారి కంచెను చీల్చింది. మామ్మ హెల్మెట్ తీసి తాత వీపు మీద బాదింది.

"నీ కాలు పోయింది చాలదా, నా ప్రాణం కూడా కావాలా ముసలోడా?"

"నువ్వు మాంసం పైలు తినడం తగ్గించవే, బండి ఎక్కుతుంది!"

మర్నాడు షెడ్డు దద్దరిల్లింది. తాత పరుగు గేరును సమ్మెటతో తునకలు చేస్తున్నాడు.

"కొండదే వేశా. ఇక కంగారూ పిల్లలు కూడా మనల్ని దాటిపోతాయి."

"దాటనీ," అంటూ మామ్మ సొట్ట హెల్మెట్ తలకి పెట్టుకుంది.