చెంబు నీళ్లు వద్దన్నందుకు

1978 వానాకాలం. అప్పుడు నేను వరంగల్‌లో ఒక దవాఖాన అంబులెన్స్ వెంట వెళ్లే ఆయాను. బడి మొహం చూడలేదు. చదవడం, రాయడం నాన్న ఇంట్లోనే నేర్పారు. ఆ నాలుగక్షరాలకే దేవుడు ఈ పని చూపించాడని ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

మా పనిలో డిస్‌ఇన్‌ఫెక్షన్ అంటే, రోగి దిగగానే స్ట్రెచర్ మీది రెక్సిన్ షీటును లైసాల్ నీళ్లతో తుడవడం, బండి లోపల బ్లీచింగ్ పౌడర్ వేసి కడగడం. గ్లౌజులు ఇప్పటిలా వాడి పారేసేవి కావు; ఉడకబెట్టి, ఆరబెట్టి, పౌడర్ చల్లి మళ్లీ తొడుక్కునేవాళ్లం. చిరిగితే ఒట్టి చేతులే. రోగి ఇంట్లో ఏదీ తినొద్దు, తాగొద్దన్నది డాక్టరు గారి గట్టి మాట.

ఆ రోజు నర్సంపేట దగ్గరి పల్లెకు వెళ్లాం. ఊళ్లో గత్తర, అంటే కలరా. రాజవ్వ అనే కోడలు పిల్ల వాంతులు, విరేచనాలతో కళ్లు లోపలికి పోయి పడి ఉంది. నాడి సన్నగా ఆడుతోంది. గ్లౌజులు చిరిగిపోయి, నేను ఒట్టి చేతులతోనే ఆమెను తుడిచి బట్ట మార్చేసరికి అత్త మాకు చెంబుతో నీళ్లు తెచ్చింది.

"మేం ఏడా తాగమమ్మా," అన్నాడు డ్రైవర్ యాదగిరి, స్ట్రెచర్ దింపుతూ.

ముసలామె మొహం మారిపోయింది. "మా ఇంటి నీళ్లు ముట్టరు గని మా పిల్లనెట్ల ముడతరు? పోండ్రి, నేను పంప." వాకిలికి అడ్డంగా కూర్చుంది.

"కోడలు పాణం పోతాంటే కులం ముచ్చటేందమ్మా!" అని యాదగిరి గట్టిగా అనేసరికి ఇంకా బిగుసుకుంది.

సెలైన్ ఎక్కకపోతే రాజవ్వ దక్కదు. నేను ముసలామె ఎదుట కూర్చున్నాను.

"అవ్వా, నా చేతులు జూడు. ఇప్పుడే నీ కోడల్ని తుడిచిన. గత్తర వీటికి అంటింది. ఈ చేతులతోని నీ చెంబు ముడితే రేపు నువ్వు పడతవ్. బాయినీళ్లల్ల గూడ అదే ఉండొచ్చు. మరిగియ్యకుంట మీరు గూడ తాగొద్దు."

ఆమె నా చేతుల వంక, మొహం వంక చూసింది. "కులం గాదా మరి?"

"కాదవ్వా, దేవుని తోడు."

"మసిలిన చాయైతే తాగుతవా?"

"చేతులు కడుక్కోని తాగుత."

"అయితే చాయ్ అయ్యేలోపు పిల్లనెక్కియ్యుండ్రి," అంటూ లేచింది. "ఆ మీసాలాయనకు గూడ పోస్త. తాగకుంటే బండి కదలనియ్య."

రాజవ్వను ఎక్కించి, బండిలో ఉన్న సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాం. పొగలు కక్కే చాయ్ ఊదుకుంటూ గబగబా తాగాం.

"నాలిక కాలుతాందవ్వా!" అన్నాడు యాదగిరి.

"కాలనియ్యి. జర తక్కువ మాట్లాడుతది."

గ్లాసులు ఖాళీ అయ్యాకే ఆమె దారి ఇచ్చింది. దేవుని దయ, డాక్టర్ల చలువ, రాజవ్వ బతికింది.

జాగ్రత్త మనం పాటిస్తే చాలదు, అది ఎవరి మేలుకో ఎదుటి మనిషికి తెలియాలని ఆ ఇల్లు నాకు నేర్పింది. తర్వాత ఏ గడపలో నీళ్లిచ్చినా ముందు వద్దనలేదు. "నా చేతులు బాగలేవు తల్లీ, జర సబ్బియ్యి," అనేదాన్ని. చాలా ఇళ్లలో సబ్బు ఉండేది కాదు. పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి, వాళ్లే నా చేతుల మీద నీళ్లు పోసేవాళ్లు.