మేజోళ్లు ఆరని రోజు

పిల్లల సంరక్షణ కేంద్రంలో ఆయాను అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. అక్కడ కింది హాల్లో ఉండే పిల్లలు నడవలేరు, మాట్లాడలేరు, తమంతట తాము పక్కకి ఒత్తిగిల్లలేరు. తినిపించడం, తుడవడం, కబుర్లు చెప్పడం ఆవిడ పని. కబుర్లకు విడిగా జీతమేమీ లేదు, అయినా లోటు చెయ్యదు.

వాళ్లలో ఒకడికి రాజావారని బిరుదిచ్చింది ఆవిడే. తల తిప్పడు, నవ్వడు, ఎవరినీ లెక్కచెయ్యడు. గిలక్కాయ ఊపినా, మొహంలో మొహం పెట్టి పాడినా చూపు పైకప్పు మీదే. ఇక లాభం లేదని, పై అంతస్తులో మంచాల గదికి మార్చేద్దామన్నారు మేనేజరు మేడమ్. ఎదురుచూసి ఎదురుచూసి అలిసిపోయిన తల్లి సరేనంది. పెద్దమ్మ ప్రాణం ఉసూరుమంది. ఆ గదిలో మంచానికీ మంచానికీ మధ్య తెరలు. ఈ పిల్లాడికి ఇక పైకప్పే గతా?

మార్చే రోజు ముసురుకు పరుపులూ ఆరలేదు, మేజోళ్లూ ఆరలేదు. నేల చల్లదనానికి జడిసి మేజోళ్లు తొడగందే ఏ బిడ్డనూ కింద పడుకోబెట్టని మనిషి, వానను తిట్టుకుంటూ రాజావారినీ పిచ్చుకనూ వట్టి కాళ్లతోనే, ఆరిన ఒక్క పరుపు మీద కాళ్లూ కాళ్లూ ఎదురుగా సర్దింది. పిచ్చుకంటే రోజంతా కిచకిచలాడే పిల్ల.

పిచ్చుక అరికాలు రాజావారి అరికాలికి తగిలింది. పిల్ల కిచకిచమంది. రాజావారు కాలు వెనక్కి లాక్కున్నారు. అయ్యగారికి కోపమొచ్చిందనుకుని, విడదీద్దామని పెద్దమ్మ వంగింది. అంతలో ఆ బొటనవేలు మెల్లగా ముందుకొచ్చి పిచ్చుక పాదాన్ని నెట్టింది. ఆగింది. పిచ్చుక తిరిగి నెట్టింది. మళ్లీ రాజావారి వంతు.

పెద్దమ్మ ఆ పాదాల మీదికి ఇంకా వంగి చూసింది.

"ఓరి నీ అసాధ్యం కూలా! మేమంతా నీ మొహం పట్టుకు వేళ్లాడుతుంటే, నువ్వు కాళ్లతో కబుర్లాడతావా?"

ఇన్నాళ్లూ ఆ కబుర్లకు సాక్సులు తొడిగింది తనేనని తట్టి, ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. పరుగున వెళ్లి మేడమ్‌ను లాక్కొచ్చింది. మేడమ్ చూసి పరుపు పక్కనే చతికిలబడ్డారు. కొడుకు బట్టలు సర్దడానికి వచ్చిన తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"చెప్పులు విప్పి రామ్మా, నువ్వూ కూర్చో," అంది పెద్దమ్మ.

తల్లి తన పాదాన్ని కొడుకు పాదానికి ఆనించింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత బొటనవేలు గట్టిగా నెట్టింది.

"నన్నే! నన్నే నెట్టాడు!"

ఆ కేకకు హాలంతా అదిరింది. పిచ్చుక ఊరుకుంటుందా? తన వంతు పోయిందని గోల పెట్టింది.

పై గది నర్సు తలుపు దగ్గరకొచ్చి, "బాబును తీసుకెళ్లనా?" అని అడిగింది.

"రాజావారు మాటల్లో ఉన్నారమ్మా, ఖాళీ లేదు," అంది పెద్దమ్మ.

మేడమ్ కాదనలేదు. ఆవిడా చెప్పులు విప్పుతున్నారు.