అగరొత్తుల గుంటలో జీపీఎస్

ఆ రోజుల్లో మనిషి తానెక్కడున్నాడో తెలుసుకోవడం ఇప్పుడున్నంత తేలిక కాదు. ఇప్పుడు ఫోను హ్యాండ్‌బ్యాగులో పడుకునే అంతా చెప్పేస్తుంది. నా ఇరవై రెండో ఏట ఆ పనికి సబ్బుపెట్టె అంత యంత్రం, దానికో తీగ, ఆ తీగకి రెండు తలలు (ఒకటి కంప్యూటరుకి, ఒకటి జీపుకి) కావాలి. వీటన్నిటినీ మోయడానికి, ఖర్మ కొద్దీ, నాలాంటి పగటికలల మనిషి దొరికింది.

గుంటూరులో ఒక పత్తి విత్తనాల కంపెనీ ప్రత్తిపాడు చుట్టుపక్కల చేలకి పటం గీయిస్తుండేది. చేలగట్ల వెంట జీపీఎస్ పట్టుకుని నడవడం, శనివారం ఆ గీతల్ని కంప్యూటర్లోకి దించడం నా ఉద్యోగం. "మొదటి పటం చూసి చెబుతా, నువ్వుండాలో వెళ్ళాలో," అన్నారు పెద్దసారు. వెళ్ళమంటే ఇంట్లో బీఈడీ ఎంట్రన్సు పుస్తకాలు సిద్ధంగా ఉన్నాయి (మా అమ్మ, నాన్న, ఇద్దరత్తలు, అందరూ మిషన్ స్కూలు టీచర్లే). నాకేమో నాలుగు గోడల మధ్య కూర్చోవడమంటే చచ్చేంత భయం. అందుకని ఆ సబ్బుపెట్టెని ప్రాణంలా చూసుకున్నాను.

మొదటిరోజు పదకొండు కాకముందే దాని బ్యాటరీలు అయిపోయాయి. పెద్దసారు చెప్పినట్టు జీపులో సిగరెట్ వెలిగించుకునే గుంటలో తీగ దూరుద్దామంటే సగంలోనే ఆగిపోయింది. లోపల చూస్తే బూడిద! ఏళ్ళ తరబడి పేరుకుని గట్టిపడిన బూడిద, మధ్యలో అగరొత్తుల పుల్లలు.

"ఇదేంటి బాబాయ్?" అన్నాను. మా డ్రైవర్ని అందరూ బాబాయ్ అనేవాళ్ళు.

"అగరొత్తుల స్టాండు కదమ్మాయ్! బండితోపాటే ఇచ్చారు. పొద్దున్నే వెలిగించందే తాళం తిప్పను నేను," అన్నాడు, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

అందులో కరెంటుంటుందని చెబితే నమ్మలేదు. ఇంజను ఆపించి, పాత టూత్‌బ్రష్‌తో గంటసేపు గోకి, తాళం తిప్పించి తీగ పెట్టాను. యంత్రం వెలిగింది. బాబాయ్ చప్పున చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. ఆ వెంటనే మొహం వేలాడేశాడు. "మరి నా అగరొత్తి ఎక్కడ గుచ్చాలి?" ఆ సమస్యకి పరిష్కారం కూడా ఆయనే కనిపెట్టాడు, అరటిపండు. పొద్దున అద్దం ముందు పండుకి అగరొత్తి గుచ్చేవాడు, మధ్యాహ్నం ఆ పండు నాకు పెట్టేవాడు. పొగవాసన వేసేది. వద్దంటే బాబాయ్ దేవుడికి కోపం, తింటే చర్చికెళ్ళే మా అమ్మకి కోపం! తినేసేదాన్ని.

యంత్రాన్ని ఒకసారి ఆపితే మళ్ళీ ఆకాశంలో ఉపగ్రహాలని వెతుక్కోడానికి పావుగంట పట్టేది. అందుకని అసలు ఆపేదాన్నే కాదు. జీపులో తీగ మీద, చేలో బ్యాటరీల మీద నడిపేదాన్ని. ఆఖరి పత్తి తీతల కాలం. అప్పుడే మిరపకాయలు కల్లాల్లోకి వస్తున్నాయి. దారిలో ఒక కల్లం దగ్గర రోజూ జీపు ఆపించి, యంత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎకరం మేర ఎర్రగా ఆరబోసిన కాయలు, పైన తెల్లటి ఎండ, గాలి వీస్తే ముక్కుపుటాల్లో సన్నటి మంట. ఏం ఆలోచించేదాన్నో నాకే తెలీదు. "అమ్మాయ్, పొద్దు వాలింది," అని బాబాయ్ పిలిస్తే తుమ్ముతూ లేచేదాన్ని.

శనివారం వచ్చింది. కంప్యూటరు వెనక తొమ్మిది సూదుల గుంటలో తీగ తల బిగించాను. "పరికరం కనబడలేదు" అంది. విప్పి మళ్ళీ బిగించాను. లేదంది. బాబాయ్ గుమ్మంలోంచి, "దానిక్కూడా బూడిద పట్టిందేమో చూడమ్మాయ్," అన్నాడు. పెద్దసారు వెనక నుంచుని గడియారం చూసుకుంటున్నారు. ఒకటో నంబరు పోర్టు అని ఉన్నచోట రెండు నొక్కాను. అంతే, తెరమీద ఆకుపచ్చ గీత జలజలా పాకింది. అదిగో చేలు, అదిగో డొంకలు, అదిగో...

"ఇక్కడేంటి, దారం చిక్కుపడ్డట్టుంది?" అన్నారు పెద్దసారు.

కల్లం! కూర్చున్నంతసేపూ ఆపని యంత్రం, ఐదు రోజుల సోమరితనాన్నీ ఒక్కచోట ఉండచుట్టి పెట్టింది.

"అక్కడ ఇంజను వేడెక్కిద్దండీ," అన్నాడు బాబాయ్.

"రోజూ అక్కడే?"

ఇక దాచలేకపోయాను. "మిరపకాయలు చూస్తూ కూర్చున్నానండీ," అన్నాను. బీఈడీ పుస్తకాలు కళ్ళముందు బారుగా కనబడ్డాయి.

పెద్దసారు తెరమీది ఆ ఉండని వేలితో తట్టారు. "నీకు ముందున్నతను టీ కొట్లో కూర్చుని గీశాడు, గీతలన్నీ స్కేలు పెట్టినట్టుండేవి. ఇది నిజంగా నడిచిన మనిషి గీత. సోమవారం రా," అన్నారు. గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలిచి, "కూర్చునేటప్పుడు మాత్రం దాన్ని ఆపి కూర్చో అమ్మాయ్," అన్నారు.

ఆ పటం కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. కదలకుండా కూర్చున్నా ఆ యంత్రాలు మనల్ని నాలుగు గజాలు అటూ ఇటూ తిప్పి చూపిస్తాయని తర్వాత తెలిసింది. అది పొరపాటంటారు. నేనొప్పుకోను. ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల కల్లం గట్టున కూర్చుని నిజంగానే తిరుగుతోంది. ఎక్కడెక్కడ తిరిగిందో ఇప్పుడు నాకు గుర్తులేదు, ఆ పిల్లకొక్కదానికే తెలుసు.